బోడి చువ్వల గొడ్డలి

ఊరి పెద్ద ఫుము పియానా పంపిన మనిషి నోట ఆ పేరు వినగానే ఎషిబా పట్టకారు పక్కకి విసిరేశాడు. దానితో పట్టుకున్న ఎర్రటి కొడవలి బూడిదలో కూరుకుపోయింది.

“ఎవరికన్నావు?”

“డెప్యూటీ ములెండాగారికి. ముఖాల గొడ్డలి. కామ నిండా రాగి రేకు. ఆయన సభకి వచ్చేలోపు అందాలట.”

తిత్తులు ఊదుతున్న కబాంబా చేతులు ఆపాడు. అతను ఎషిబా భార్య తమ్ముడు. అక్క పోయినా బావ కొలిమిని వదల్లేదు. అతని నోరు ఆ కొలిమి కంటే వేడి.

“ఏ ములెండా? బల్లకట్టు ములెండాయేనా?”

“ఆయనే.”

“ఆయనకి మా తాతల ముఖాలెందుకు? ఓట్లు వేయించుకున్నప్పట్నుంచీ తన ముఖమే మాకు చూపించలేదు గదా!”

“నన్ను పీక్కుతినకండి బాబూ,” అన్నాడు వచ్చిన కలోండా, కుంటికాలు సర్దుకుని మొద్దు మీద కూలబడుతూ. “మాట ఫుముది. నేను మోసుకొచ్చానంతే. కాసిని మంచినీళ్ళుంటే ఇటివ్వండి.”

కబాంబా నీళ్ళ బుర్ర అందించాడు. తిట్టినవాళ్ళకే దాహం తీర్చే పని కూడా పడుతుంది ఆ కొలిమిలో.

ఎషిబా వెనక గోడకి చేసిపెట్టిన గొడ్డళ్ళు వేలాడుతున్నాయి. చెట్లు నరికేవి కింద వరసలో ఉన్నాయి. వాటిని ఎవరూ తలెత్తి చూడరు, కానీ వాటితోనే అతని పొయ్యి వెలుగుతుంది. వాటి పైన, ఆటగాళ్ళ గుంపు ముందు నడిచేవాడు గాల్లో తిప్పే తేలిక గొడ్డలి. దాని ఇనుప అలుగును జల్లెడలా తొలుస్తారు, తిప్పినప్పుడు గాలి అందులోంచి ఈలవేసుకుంటూ పోతుంది. పక్కనే తగువులు తీర్చే పెద్దలు భుజాన వేసుకునేది. దానికి పదును పెట్టరు. అది కొయ్యను తాకిందంటే మోసినవాడి పరువు పోయినట్టే. అన్నిటికన్నా పైన మేకు ఒకటి ఖాళీగా ఉంది. అది ముఖాల గొడ్డలిది. అలుగుకీ కామకీ నడుమ మెలితిప్పిన ఇనుప చువ్వలు, ఒక్కో చువ్వ నడుమ అటూ ఇటూ చూసే మనిషి ముఖం. అలాంటిది చేసి చాలా ఏళ్ళయింది. అంతటి మనిషి ఆ చుట్టుపక్కల ఎవరూ పుట్టలేదు.

ఆ ముఖాలు కమ్మరి ఇష్టానికి పుట్టేవి కావు. ఒక్కో ముఖం ఒక్కో ఇంటి పెద్ద. చనిపోయిన తమవాణ్ణి ఆ గొడ్డలి మోసేవాడి పక్కన నిలబెట్టడానికి ఆ ఇల్లు ఒప్పుకోవాలి. అందుకు కమ్మరే ఆరిన బొగ్గు ముక్క చేత్తో పట్టుకుని గుమ్మం గుమ్మానికీ వెళ్ళి అడగాలి. ఒప్పుకున్న ఇల్లు అతనికి కల్లు పోస్తుంది. ఒప్పుకోని ఇల్లు మంచినీళ్ళు ఇస్తుంది. ఎవరూ నోటితో కాదనరు. కమ్మరి కూడా తన మనసులో మాట పైకి చెప్పకూడదు. ఫలానావాడు అడుగుతున్నాడు, మీవాడు నిలబడతాడా అని మాత్రమే అడగాలి.

“నువ్వు అడగబోతున్నావా బావా?” అన్నాడు కబాంబా, కలోండా వెళ్ళాక.

ఎషిబా నది వైపు చూశాడు.

కొలిమి గుమ్మంలోంచి చూస్తే లొమామి నది కనిపిస్తుంది. అవతలి ఒడ్డున ఆసుపత్రి రేకుల కప్పు కూడా కనిపిస్తుంది. పాత బల్లకట్టు కింది మలుపులో బురదలో కూరుకుపోయి ఉంది. దాని పలకల సందుల్లోంచి గడ్డి మొలిచింది. ఎన్నికలప్పుడు ములెండా ఆ ఒడ్డునే నిలబడి కొత్త ఇంజను బొమ్మ పెద్ద గుడ్డ మీద వేయించి చూపించాడు. జనం ఆ బొమ్మకి చప్పట్లు కొట్టారు. ఎషిబా కూడా కొట్టాడు.

తర్వాతి వానాకాలంలో అతని భార్య యాకుంబాకి పొద్దున్నే కడుపులో నొప్పి మొదలైంది. ఒడ్డుకి మోసుకెళ్ళేసరికి నది పొంగి ఎర్రగా పారుతోంది. పడవవాళ్ళు వద్దన్నారు. వాళ్ళ తప్పేమీ లేదు, ఆ ప్రవాహంలో పడవ వేస్తే అందరూ పోతారు. ఆమె ఒడ్డునే పడుకుంది, ఆసుపత్రి కప్పు ఎండకి మెరుస్తూ కళ్ళ ముందే ఉంది. ఎండు చేపలు అమ్ముకునే ఒకావిడ, ఏ ఊరో ఏమో, తన మూట విప్పి ఆ గుడ్డని రెండు చేతులతో యాకుంబా ముఖం మీద నీడగా పట్టుకుని నిలబడింది. చేపలకి ఈగలు ముసిరినా కదల్లేదు. అంతా అయిపోయాక గుడ్డ మడుచుకుని, పేరు కూడా చెప్పకుండా వెళ్ళిపోయింది. ఆ రోజును తలచుకున్నప్పుడల్లా ఎషిబాకి ఆ నీడే ముందు గుర్తొస్తుంది. లేకపోతే తలచుకోవడమే అతని వల్ల అయ్యేది కాదు.

కలోండా వచ్చి వెళ్ళిన సాయంత్రమే అతను ఫుము ఇంటికి వెళ్ళాడు.

ఫుము పియానా భారీ మనిషి. మెట్ల మీద కూర్చుని వేరుశనక్కాయలు వలుస్తున్నాడు. ఎషిబాని చూడగానే పక్కకి జరిగి చోటిచ్చాడు.

“కూర్చో. ముందు తిట్టేయ్. తర్వాత మాట్లాడుకుందాం.”

“తిట్టడానికి రాలేదు ఫుమూ. అతనేం చేశాడని?”

“ఏమీ చెయ్యలేదు. అందుకే ఇద్దామంటున్నా. ముఖాల గొడ్డలి భుజాన పడితే మనవాడవుతాడు. మనవాడయ్యాక మన నది అతని నది అవుతుంది. సిగ్గుపడైనా బల్లకట్టు తెస్తాడు.”

“సిగ్గు ఉన్నవాడికి గొడ్డలి అక్కర్లేదు. లేనివాడికి గొడ్డలి ఇచ్చినా రాదు.”

“నీ మాట నిజమే అనుకో. అయితే ఏం చేద్దాం? నది దాటలేక ఇంకెంతమందిని పూడ్చిపెడదాం? నాకు మాత్రం ఇష్టమై చేస్తున్నాననుకున్నావా? రాజధాని నించి వచ్చినవాడి ముందు నా పొట్ట ఎంత లోపలికి పీల్చుకోవాలో నీకేం తెలుసు!”

ఎషిబా కోపం మీద నీళ్ళు చల్లినట్టయింది, కానీ ఆరలేదు. ఈ మనిషి చెడ్డవాడైతే ఎంత బాగుండేది అనుకున్నాడు.

“ఊరి గౌరవం అంటే పనిచేసినవాడికి దక్కేది,” అన్నాడు. “పని ఎగ్గొట్టినవాణ్ణి బతిమాలడానికి దాన్ని బయటికి తీస్తే, రేపు నిజంగా చేసినవాడికి ఏమిస్తాం?”

“రేపటి సంగతి రేపు. అడగడం నీ వంతు. నా ఇంటితో మొదలుపెట్టు.”

ఎషిబా జేబులోంచి బొగ్గు ముక్క తీశాడు. దాన్ని చేత్తో పట్టుకుని అడిగాడు.

“ములెండా అడుగుతున్నాడు. మీవాడు నిలబడతాడా?”

ఫుము లేచి లోపలికి వెళ్ళాడు. కల్లు నిండిన దొప్పతో వచ్చాడు. ఆయన తండ్రి ల్వాబా ఒకప్పుడు రెండు ఊళ్ళ మధ్య చేపల గొడవ తీర్చడానికి తన సొంత పొలం వదులుకున్నవాడు. ఆ ముఖం ఇప్పుడు ములెండా పక్కన నిలబడాలి. ఎషిబా కళ్ళు మూసుకుని తాగేశాడు. కల్లు తియ్యగానే ఉంది. దానికీ ఒళ్ళు మండింది అతనికి.

మర్నాటి నించి గుమ్మాలు ఎక్కడం మొదలుపెట్టాడు.

మొదట వేటగాడు న్గొంగో ఇల్లు. అడగాల్సింది అడిగాడు. న్గొంగో నోరు తెరిచి, ఆచారం గుర్తొచ్చి, టక్కున మూసుకున్నాడు. లోపలికి వెళ్ళి కుండెడు నీళ్ళు తెచ్చి ముందు పెట్టాడు.

“ఇంత ఎందుకయ్యా, ఒక గుటక చాలు,” అన్నాడు ఎషిబా.

“మొత్తం తాగు. మా తాత గాయపడ్డ ఏనుగుకి ఎదురెళ్ళి చచ్చాడు. ఆయన ఎంత గట్టిగా కాదంటున్నాడో నీకు తెలియాలి.”

ఆ తర్వాత ఇంట్లో నీళ్ళు. దాని పక్కింట్లో నీళ్ళు. వడ్రంగి ఇంట్లో నీళ్ళు, పైగా ఆయన భార్య “పాపం, ఎండలో తిరుగుతున్నావు,” అని నిమ్మకాయ పిండి ఇచ్చింది. పొద్దెక్కేసరికి ఎషిబా పొట్ట తోలుతిత్తిలా బుడబుడలాడింది. ప్రతి గుమ్మంలో తన మనసులో మాట దిగమింగుకుని సూటిగా అడగాలి. తన భార్యను ఒడ్డున పడుకోబెట్టినవాడి తరఫున తానే తిరుగుతున్నాడు. ఆ అవమానం ముందు పొట్టలో నీళ్ళ బరువు ఒక లెక్కా.

కూతుర్ని పురిట్లో, ఇదే ఒడ్డున పోగొట్టుకున్న కబూవో ఇంటి ముందు మాత్రం అతను అడగకుండానే వెనక్కి తిరగబోయాడు. ఆమె మొక్కజొన్న పిండి దంచుతోంది. రోకలి ఆపి అతని చేతిలో బొగ్గు చూసింది.

“అడుగు నాయనా. అడగకుండా వెళితే ఆచారం చెడుతుంది.”

అడిగాడు. ఆమె నీళ్ళిచ్చింది. ఆపైన, పొయ్యిలో కాలుతున్న మొక్కజొన్న పొత్తు ఒకటి తీసి, బూడిద దులిపి అతని చేతిలో పెట్టింది.

“ఇది జవాబులోకి రాదు,” అంది. “ఇది నీకు.”

ఊరి చివర సెఫు ఇంట్లో మాత్రం కల్లు బుర్ర బయటికి వచ్చింది. సెఫుకి డెప్యూటీ ఆఫీసులో డ్రైవరు ఉద్యోగం ఇప్పిస్తానని ఎవరో ఆశపెట్టారు. దొప్పలో కల్లు పోస్తుండగానే అతని తల్లి లోపలినించి దూసుకొచ్చింది.

“ఎవర్ని పోస్తున్నావురా దాంట్లో?”

“నాన్ననే అమ్మా. ఒక ముఖమే గదా. ఇనుపది.”

“ఇనుపదా? మీ నాన్న బతికున్నప్పుడు ఆ ములెండా కారు దుమ్ము మీద పడితే ముఖం కడుక్కునేవాడు. ఇప్పుడు కడుక్కోలేడనేగా నీ ధైర్యం!”

ఆ దొప్ప లాక్కుని కల్లంతా వాకిట్లో కుమ్మరించింది. అదే దొప్పలో నీళ్ళు తెచ్చి ఎషిబా చేతికిచ్చింది. నీళ్ళలో కల్లు వాసన ఉంది. సెఫు తలదించుకుని నవ్వినట్టు ముఖం పెట్టాడు. అతన్ని చూస్తే ఎషిబాకి జాలే వేసింది.

రెండు రోజులు గడిచాక ఫుమే స్వయంగా కొలిమి దగ్గరికి వచ్చాడు.

“ఎన్ని?”

“మీ నాన్న ఒక్కడే.”

ఫుము ముఖం వాడిపోయింది. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

“సరే. చెప్పేది విను. మిగతా చువ్వలకి ముఖాలు కొట్టేయ్. ఎవరివీ కాకుండా. పట్నంలో బజారుకి చేసే గొడ్డళ్ళకి పెట్టరూ, కళ్ళూ ముక్కూ ఉంటాయి, పేరుండదు. అలాంటివి. అతనికేం తెలుస్తుంది? వాడు ఏనాడో పట్నం చేరినవాడు.”

“ఊరికి తెలుస్తుంది.”

“ఊరు నోరు మూసుకుంటుంది. అది నేను చూసుకుంటా.”

ఎషిబా లేచి నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో ఫుము ముందు అతను ఎప్పుడూ గొంతు పెంచలేదు.

“పేరు లేని ముఖం నా సమ్మెట కింద పుట్టదు. నువ్వు కల్లు పోశావు, తాగాను. మీ నాన్నని కొడతాను, నాకు చేతనైనంత అందంగా కొడతాను. మిగతావాళ్ళు నీళ్ళిచ్చారు. ఆ నీళ్ళు నా కడుపులో ఉన్నాయి. వాటిని కల్లని చెప్పమంటావా?”

“గొడ్డలి అలా ఇస్తే అవమానం అవుతుందిరా!”

“అడిగింది అతను. జవాబు ఊరిది. నాదేముంది మధ్యలో?”

ఫుము వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. మెట్టు దిగుతూ తడబడితే కబాంబా పరుగున వెళ్ళి మోచెయ్యి పట్టుకున్నాడు. తిరిగొచ్చి తిత్తుల దగ్గర కూర్చుంటూ, “అసలు చెయ్యనని చెప్పెయ్యొచ్చు గదా బావా,” అన్నాడు.

“చెయ్యనంటే అది నా ఒక్కడి కోపం అవుతుంది. పెళ్ళాం పోయిన ముసలాడి అలక అంటారు. ఊదు.”

కబాంబా ఊదాడు. ఎషిబా ఆ గొడ్డలిని బతుకులో మరి దేన్నీ చేయనంత శ్రద్ధగా చేశాడు. అలుగును నెలవంకలా సాగదీశాడు. చువ్వల్ని ఒక్కోటీ కాల్చి తాడులా మెలితిప్పాడు. నడిమి చువ్వ మీద ల్వాబా పుట్టాడు, విశాలమైన నుదురుతో, తగువు వింటున్నవాడిలా కొంచెం ముందుకి వచ్చిన పెదవులతో. కామకి రాగి రేకు చుట్టి, చిన్న చిన్న మేకులతో బిగించి, నిమ్మచెక్కతో రుద్దితే అది పొద్దుటెండలా వెలిగింది. మిగతా చువ్వల్ని నునుపు చేసి వదిలేశాడు.

సభ రోజున మైదానంలో టార్పాలిన్లు కట్టారు. డెప్యూటీ మనుషులు ముందే వచ్చి ఆడవాళ్ళకి ఒంటికి చుట్టుకునే గుడ్డలు పంచారు. ప్రతి గుడ్డ మీదా ములెండా నవ్వుతున్న ముఖం అచ్చేసి ఉంది. కొందరు నడుముకి చుట్టుకున్నారు. కొందరు పిల్లల్ని వీపున కట్టుకున్నారు. కబూవో మాత్రం మడతపెట్టి కూర్చోవడానికి వేసుకుంది.

జీపులు దుమ్ము రేపుకుంటూ వచ్చాయి. ములెండా దిగాడు. వెనకే చేతికర్రతో అతని మేనత్త ఎబాంబి. గొడ్డలి అందుకునేవాడి వెనక తండ్రి వైపు పెద్దవాళ్ళు ఒకరు కూర్చోవాలి. అందుకని ఆమెని కింది ఊరినించి ఎక్కించుకొచ్చాడు. ఆమెకి ప్లాస్టిక్ కుర్చీ వేశారు. కుర్చీ కాలు మట్టిలో దిగిపోతుంటే పక్కనున్నవాళ్ళు పలక ముక్క తెచ్చి కింద పెట్టారు.

ములెండా చాలాసేపు మాట్లాడాడు. రక్తం అన్నాడు, గడ్డ అన్నాడు, పూర్వీకులు అన్నాడు. బల్లకట్టు అనలేదు. తర్వాత ఫుము లేచి, ఎవరి ముఖమూ చూడకుండా, గుడ్డలో చుట్టిన గొడ్డలి తీసి అతని చేతికిచ్చాడు.

రాగి తళుక్కుమంది. ములెండా దాన్ని తలపైకెత్తి అటూ ఇటూ తిప్పాడు. ఇలాంటప్పుడు ఆడవాళ్ళు నాలుక తిప్పుతూ కేకపెట్టాలి. ఆ కేక నదికి అవతల వినపడాలి. ఎవరూ నోరు విప్పలేదు. ఫొటోలు తీసేవాడు ఒక్కడే చప్పట్లు కొట్టి, తోడు రాకపోతే ఆపేశాడు. ఎక్కడో మేకపిల్ల అరిచింది.

“ఏంటి, అందరూ నిద్రపోయారా?” అన్నాడు ములెండా నవ్వుతూ.

అప్పుడు ఎబాంబి కుర్చీలోంచి లేచింది. మేనల్లుడి చెయ్యి కిందికి లాగి, గొడ్డలి కళ్ళ దగ్గరికి తెచ్చుకుని, చువ్వల మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ తడిమింది.

“ఇవి ఇలా బోడిగా ఉన్నాయేంట్రా?”

“డిజైన్ అత్తా. కొత్త రకం.”

“నీ మొహం కొత్త రకం!” అంది. “కమ్మరి ఎక్కడ? ఓ కమ్మరీ!”

ఎషిబా వెనక వరసలోంచి లేచాడు.

“ఇనుము అయిపోయిందా నాయనా?”

“లేదమ్మా.”

“చూపు ఆనడం లేదా?”

“ఆనుతోంది.”

“పోనీ, అడగడం మరిచిపోయావా?”

“ప్రతి గుమ్మం ఎక్కానమ్మా. ఒక్క ఇంట్లో కల్లు. మిగతా అన్ని ఇళ్ళలో నీళ్ళు.”

జనంలో గుసగుస లేచి అణిగింది. ఎబాంబి కళ్ళు మూసుకుంది.

“నీళ్ళేంటి? కల్లేంటి? ఏమంటున్నాడు వీడు?” అన్నాడు ములెండా.

“ఈ ఊళ్ళో చచ్చిపోయినవాళ్ళు నీ పక్కన నిలబడేది లేదన్నారురా,” అంది మేనత్త. “ఫుముగారి తండ్రి ఒక్కడు, పాపం, మొహమాటానికి వచ్చాడు.”

ములెండా మేనత్త చేతిని విదిలించుకున్నాడు. ఫుము వైపు తిరిగాడు.

“పిలిచి అవమానిస్తారా నన్ను? ఎంత పని వదులుకుని వచ్చానో తెలుసా? అసలు ఈ ఊరికి బల్లకట్టు కావాలా, వద్దా?”

ఎషిబా జనాన్ని తోసుకుంటూ ముందుకి వచ్చాడు. ఎలా వచ్చాడో అతనికే తెలియదు.

“కావాలి బాబూ. నా భార్య ఆ ఒడ్డున పడుకున్న నాడూ కావాల్సొచ్చింది. కబూవో కూతురు సగం పుట్టిన బిడ్డతో అరుస్తున్న నాడూ కావాల్సొచ్చింది. నువ్వు బొమ్మ చూపించావు, మేము చప్పట్లు కొట్టాం. ఆ చప్పట్లు నాకిప్పటికీ చేతుల్లో మండుతున్నాయి. వచ్చినవాడివి ఒకసారి ఒడ్డుకి వెళ్ళి చూశావా? ఎవరెవరు పోయారని ఒక్కర్ని అడిగావా? సరాసరి వచ్చి మా తాతల్ని ఇమ్మన్నావు! బల్లకట్టు తెచ్చి అప్పుడు అడుగు, నేనే మళ్ళీ తిరుగుతాను, ఎన్ని గుమ్మాలైనా ఎక్కుతాను. ముందు ముఖాలిస్తేనే బల్లకట్టంటావా? అవి మా చచ్చినవాళ్ళయ్యా! లంచం కాదు!”

ములెండా గొడ్డలిని కుర్చీ మీద పడేశాడు. ప్లాస్టిక్ మీద ఇనుము దబ్బుమంది. జీపు తలుపులు ధన్‌ధన్‌మని మూసుకున్నాయి. ఎబాంబి కోసం వెనక సీటు ఖాళీగా ఉంచారు, డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. ఆమె కదల్లేదు. దుమ్ము లేచింది, వాళ్ళు వెళ్ళిపోయారు.

ఊరంతా ఎషిబాని భుజాలమీద ఎత్తుకోలేదు. పడవవాడొకడు దగ్గరికొచ్చి, “వచ్చేదేదో పోయింది. ఇక నీ రోషం ఎక్కి దాటుదాంలే నదిని,” అన్నాడు. అతని మాటలో తప్పు పట్టలేకపోయాడు ఎషిబా. ఫుము మాత్రం వంట గుండిగల వైపు చూసి, “మేకని కోశారు గదా, తినకుండా వెళ్ళకండి,” అని నీరసంగా అరిచాడు. జనం తిన్నారు. పామాయిల్లో ఉడికిన ఆకుకూర, ముద్ద, మాంసం. సెఫు తల్లి ఒక గిన్నె నింపి ఫుము ముందు పెట్టి, తినేదాకా అక్కడే నిలబడింది.

పొద్దు వాలుతుండగా ఎబాంబి కొలిమి దగ్గరికి వచ్చింది. ఒక చేతిలో కర్ర, భుజాన ఆ గొడ్డలి. కబాంబా ఉలిక్కిపడి మొద్దు తుడిచి కూర్చోమన్నాడు.

“వీడికి నోరు ఎక్కువనుకుంటా,” అందామె కబాంబాని చూపించి.

“మా బావమరిదమ్మా. పుట్టుకతోనే అంత.”

“బావని మించలేదులే.” ఆమె గొడ్డలి దింపి ఒళ్ళో పెట్టుకుంది. “పని బాగుంది. తిట్టడానికైనా ఇంత బాగా చేసినవాణ్ణి చూళ్ళేదు. ఇంకొక ముఖం కొట్టాలి దీనికి.”

ఎషిబా ముఖం బిగుసుకుంది. “ఎవరిది?”

“మా అన్నది. వాడి తండ్రిది.”

“అమ్మా, కోప్పడకు. ఇంటి ముఖం ఒకటి చేరిస్తే గౌరవం పెరిగినట్టు అవుతుంది. అది నేను చెయ్యను. ఇవాళ అంత అరిచి, రేపే వాడి కోసం సమ్మెట ఎత్తానంటే...”

“నేను గౌరవం అడిగానా?” ఆమె గొంతు పెరిగింది. “నా చేతులతో ముద్దలు పెట్టి పెంచానయ్యా వాణ్ణి. అక్కడ అంతమంది ముందు నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నీకు పెళ్ళాం పోయింది. నాకు బతికున్నవాడే పోయాడు. నేను రేపు పట్నం వెళ్తాను. వాడి ఇంట్లో, వాడు కూర్చునే గదిలో, ఈ గొడ్డలి గోడకి కొట్టి వస్తాను. తీసెయ్యమను చూస్తాను. మామూలుగా ముఖాలు జనం వైపు చూస్తాయి. మా అన్నది అలా వద్దు. ఈ కొస చువ్వ మీద పెట్టు, కామ వైపు తిప్పు. మోసేవాడినే చూడాలి.”

“అలా ఎప్పుడూ చెయ్యలేదమ్మా,” అన్నాడు ఎషిబా మెల్లగా. “మా నాన్న చెయ్యలేదు, ఆయన నాన్నా చెయ్యలేదు.”

“వాళ్ళకి ఇలాంటివాడు తగల్లేదు.”

ఎషిబా గొడ్డలి అందుకున్నాడు. కొస చువ్వని వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. ఇనుము సరిపోతుంది. కామ ఊడదీయాలి, రాగి రేకు పై వరస విప్పాలి, ఆ ఒక్క చువ్వని మళ్ళీ కాల్చి దిమ్మెలా కుదించాలి. తన కోపాన్ని ఇంతకంటే దూరం మోసుకెళ్ళే మనిషి దొరకదని అతనికి తెలుసు. కానీ అడగకుండా ఎలా? బూడిద అంచున ఆరిన బొగ్గు ముక్క ఒకటి వెతికి ఆమె ముందుకి చాపాడు.

“మీవాడు నిలబడతాడా?”

ఎబాంబి కొలిమి అంతా కలయజూసింది. మూలన కబాంబా దాచుకున్న కల్లు బుర్ర కనిపించింది. లేచి వెళ్ళి, అడక్కుండానే తీసి, దొప్పలోకి పోసి ఎషిబాకిచ్చింది.

“నిలబడతాడు. కూర్చోనివ్వను.”

ఎషిబా తాగాడు. పులిసిన కల్లు, ముక్కు ఘాటెక్కింది. కళ్ళలో నీళ్ళు తిరిగితే మోచేత్తో తుడుచుకున్నాడు. కబాంబా తిత్తుల వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. బొగ్గులు మొదట నల్లగా, తర్వాత కొంచెం కొంచెంగా ఎర్రబడ్డాయి.

“ఎలా ఉండేవాడమ్మా మీ అన్న?”

“ముక్కు వెడల్పు. ఎడమ కనుబొమ్మ మీద గాటు, చిన్నప్పుడు చెట్టు మీంచి పడ్డాడు. చెవులు చిన్నవి. ఎప్పుడు చూసినా నవ్వుతుండేవాడు.” ఆమె కొస చువ్వని వేలితో చూపించింది. “నవ్వు మాత్రం పెట్టకు.”